కూర్చుని నవ్వడం, నిలబడి నవ్వించడం: తిరుపతిలో స్టాండప్ మొదలుపెట్టేవాళ్ళకి

మా నాయనమ్మ కథ చెప్తూ మధ్యలో ఆగిపోయేది. "ఊఁ కొట్టరా, లేకుంటే నేను చెప్పను" అనేది. మేం ఊఁ అంటేనే కథలో రాజు వేటకి కదిలేవాడు. బుర్రకథలోనూ కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం అందుకుంటారు, ఇంకొకరు రాజకీయం, ఊరి సంగతులు అందుకుంటారు. స్టాండప్ కామెడీ అంటే ఒక్క మనిషి మైకు పట్టుకుని మాటలతో జనాన్ని నవ్వించడం. అక్కడ స్టేజీ మీద ఒక్కరే కనపడతారు గానీ వంతలు లేక కాదు. కుర్చీల్లో కూర్చున్న మీరే ఆ వంతలు. మీ నవ్వే ఆ ఊఁ.

అందుకే "అన్నా, నాకూ మైకు పట్టుకోవాలనుంది" అని వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఒకటే: పది షోలు కూర్చుని చూడండి. మంచి ప్రేక్షకుడు అయినవాళ్ళకి కమెడియన్ కావడం సగం సులువవుతుంది. నవ్వు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ చచ్చిపోతుందో చెవికి తెలిసేది అక్కడే.

ముందు పోస్టరు చదవండి

ఓపెన్ మైక్ అని ఉంటే ఎవరైనా పేరు రాయించుకుని చెప్పొచ్చు. పదిమందో పదిహేనుమందో స్టేజీ ఎక్కుతారు, తలా నాలుగైదు నిమిషాలు. చాలామంది కొత్తవాళ్ళు. టికెట్ తక్కువ, కొన్నిచోట్ల అసలుండదు. లైనప్ షో అంటే ముగ్గురు నలుగురు అనుభవమున్నవాళ్ళు, ఒక్కొక్కరు పదిహేను ఇరవై నిమిషాలు చెప్తారు. సోలో అంటే ఒకే మనిషి గంట పైన. ట్రయల్ షో అని ఉంటే ఆ మనిషి కొత్త మాటలు ఇంకా చెక్కుకుంటున్నాడని అర్థం, కొన్ని పేలవు, దానికి సిద్ధపడి వెళ్ళాలి.

మొదటిసారి లైనప్ షోకే వెళ్ళండి. ఒకరు నచ్చకపోయినా ఇంకొకరు నచ్చుతారు. ఓపెన్ మైక్‌తో మొదలుపెట్టి, ముగ్గురు కొత్తవాళ్ళు తడబడటం చూసి "స్టాండప్ అంటే ఇంతేనా" అని లేచిపోయినవాళ్ళని చూశాను. బాధగా ఉంటుంది.

పోస్టరు మీద భాష, వయసు తప్పకుండా చూసుకోండి. 18 ప్లస్ అని రాసి ఉన్న షోకి అమ్మానాన్నలని, అత్తమామలని తీసుకెళ్ళి ఆ గంటంతా తల దించుకుని కూర్చోవద్దు. మనకి చెన్నై దాదాపు 140 కిలోమీటర్లు, బెంగళూరు 250 చిల్లర, హైదరాబాద్ 550 పైనే. తెలుగు షోలు ఎక్కువ జరిగేది హైదరాబాద్‌లో. బెంగళూరులో కూడా తెలుగు షోలు పడుతుంటాయి, శనివారం సాయంత్రం చూసుకుని రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటారు. చెన్నైలో తమిళం, ఇంగ్లీషు. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపువాళ్ళకి తమిళం ఎలాగూ వచ్చు, ఆ అదృష్టాన్ని వదులుకోకండి. పక్క భాషలో జనం దేనికి నవ్వుతున్నారో చూస్తే మన భాషలో ఏం చెప్పొచ్చో తడుతుంది.

మన ఊళ్ళో అయితే కాలేజీ ఫెస్టుల మీద కన్నేసి ఉంచండి. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచీ ఉంది, మహిళా యూనివర్సిటీ 1983లో, ఐఐటీ, సైన్సు చదువుల ఐసర్ 2015లో వచ్చాయి. ఇన్ని హాస్టళ్ళు, ఇన్ని జిల్లాల, రాష్ట్రాల పిల్లలు ఉన్న ఊరికి నవ్వే జనం కొదవ కాదు.

కూర్చోవడం కూడా ఒక పని

ఇరవై నిమిషాల ముందే వెళ్ళండి. ముందు వరసల్లో, పక్క కుర్చీ ఖాళీ వదలకుండా కూర్చోండి. మన జనానికి వెనక గోడకి ఆనుకుని కూర్చోవడం అలవాటు. నా మొదటి షోలో నేనూ అలాగే మూలన కూర్చున్నాను, ముందు మూడు వరసలు ఖాళీ. ఆ రోజు స్టేజీ మీద ఉన్నామె బాగానే చెప్పింది, కానీ నవ్వు ఒకచోట లేచి ఖాళీ కుర్చీల్లో పడి ఆగిపోతూ వచ్చింది. నవ్వు అంటుకునేది. పక్క మనిషి భుజం కదిలితే మన భుజం కదులుతుంది. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త జనం మామూలుగా నవ్వే తీరుని గమనించి, ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని తేల్చాడు. ఖాళీ కుర్చీ మధ్యలో పెట్టుకుని కూర్చుంటే నలుగురిలో ఉండీ ఒంటరిగా ఉన్నట్టే.

నవ్వొస్తే బయటికి నవ్వండి. ఇది చిన్న మాటలా ఉంటుంది గానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. భరతుడి నాట్యశాస్త్రంలో నవ్వులు ఆరు రకాలు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్ళు కనపడని స్మితం ఉత్తములది, పొట్ట పట్టుకుని నవ్వేది అధములదని లెక్క. నాటకంలో పాత్రలకి ఆ లెక్క బాగుంటుందేమో, స్టాండప్ చూసేవాళ్ళకి మాత్రం నేను ఒప్పుకోను. లైటంతా కమెడియన్ కళ్ళలో కొడుతుంటుంది, జనం చీకట్లో ఉంటారు. మీ చిరునవ్వు అక్కడిదాకా చేరదు. చేరేది శబ్దమొక్కటే. ఆ శబ్దాన్ని బట్టే తర్వాతి మాట ఎప్పుడు అనాలో ఆ మనిషి తేల్చుకుంటాడు. మన ఇళ్ళలో ఆడపిల్లలకి చిన్నప్పటినుంచీ "ఏందే ఆ నవ్వు, మెల్లిగా" అని చెప్పి చెప్పి పెంచారు. ఆ గదిలో ఆ మాట మర్చిపోండి.

నవ్వు రాకపోతే? ఊరికే ఉండండి. అబద్ధపు నవ్వు వద్దు, ఈలలు, గోల వద్దు. మౌనం కూడా జవాబే, కమెడియన్‌కి ఇంటికి తీసుకెళ్ళి పని చేసుకోవడానికి అది పనికొస్తుంది.

ఫోను సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోండి, రికార్డు చేయొద్దు. సినిమా పాట ఎన్నిసార్లు విన్నా బాగుంటుంది, జోకు అలా కాదు. చివర ఏముందో ముందే తెలిస్తే చచ్చిపోతుంది. ఒక మనిషి నెలల తరబడి చెక్కుకున్న ఐదు నిమిషాలు మీ వాట్సాప్ స్టేటస్‌తో అయిపోతాయి.

కమెడియన్ మిమ్మల్ని చూసి "ఏం చేస్తుంటారన్నా?" అని అడగొచ్చు. దీన్ని క్రౌడ్ వర్క్ అంటారు. భయపడొద్దు. చిన్నగా, నిజం చెప్పండి: "కొర్లగుంటలో వెల్డింగ్ షాపు." అంతే చాలు. తెలివైన జవాబు కోసం వెతికితే ఇద్దరికీ కష్టం, నిజంలోనే ఆయనకి పట్టు దొరుకుతుంది. మాట్లాడటం ఇష్టం లేకపోతే తల అడ్డంగా ఊపి నవ్వండి, మంచి కమెడియన్ వెంటనే పక్కకి వెళ్ళిపోతాడు. వెళ్ళకుండా గుచ్చుతూ ఉంటే షో అయ్యాక నిర్వాహకులకి చెప్పండి. అది మీ హక్కు.

అడక్కుండా మధ్యలో అరవడం మాత్రం వద్దు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు కదా, అవధాని పద్యం అల్లుతుంటే "అయ్యా, మీ ఇంట్లో ఇవాళ కూరేంటి?" లాంటి ప్రశ్నలు వేస్తూ దారి తప్పించడమే ఆయన పని. కానీ ఆయన్ని ఆ పనికి సభ పిలిచి కూర్చోబెట్టింది, అవధానికీ తెలుసు. మిమ్మల్ని ఎవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు. సాయం చేస్తున్నామనుకుని అరిచేవాళ్ళే ఎక్కువ, వాళ్ళు చెడగొట్టేది సరిగ్గా జోకు పండబోయే క్షణాన్నే.

నాలుగైదు షోలు చూశాక చిన్న నోటుబుక్కు తీసుకెళ్ళండి. జోకులు రాసుకోవద్దు, అవి వాళ్ళ సొత్తు. ఏ మాట దగ్గర నవ్వొచ్చింది, ఆ మాటకి ముందు ఎంతసేపు ఆగారు, నవ్వు తగ్గేదాకా ఏం చేశారు, ఇవి మాత్రం రాసుకోండి. ఇంటికొచ్చి చదివితే బడిలో చెప్పని పాఠం కనపడుతుంది.

మీ ఐదు నిమిషాలు రాసుకోవడం

ఏం చెప్పాలి అని అడిగితే, మీకు కోపం తెప్పించింది, సిగ్గనిపించింది, భయపెట్టింది, అర్థం కానిది చెప్పండి అంటాను. పది రోజులపాటు రోజుకి మూడు రాసుకోండి. "ఫన్నీగా" రాయాలని చూడొద్దు, నిజంగా రాయండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. తిరుపతిలో ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి ఇది. మొదటి రాత ఇలా ఉంటుంది:

"తిరుపతిలో ఉంటే బంధువులందరూ దర్శనం టికెట్లు అడుగుతారు, చాలా ఇబ్బందిగా ఉంటుంది."

ఇది ఫిర్యాదు. నిజమే గానీ ఇందులో మనిషి లేడు, చోటు లేదు. ఒక మనిషిని, ఒక సందర్భాన్ని తెద్దాం:

"పెళ్ళిచూపులకి పోయినా. అమ్మాయి వాళ్ళ నాయన జీతం అడగలా, చదువు అడగలా, బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటరు దొరుకుతాదా అని అడిగినాడు."

బాగుపడింది. కానీ గదిలో చెప్పి చూడండి, నవ్వు సగమే వస్తుంది. ఎందుకంటే తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. పేలాల్సిన మాట "లెటరు". దాని తర్వాత "దొరుకుతాదా అని అడిగినాడు" అని తోక ఉంది. జనం "లెటరు" దగ్గర నోరు తెరిచి, మీరింకా మాట్లాడుతున్నారని మూసేస్తారు. ఇంగ్లీషు స్టాండప్ చూసి నేర్చుకున్నవాళ్ళు ఎక్కువగా తట్టుకునే రాయి ఇది. అడిగాడన్న సంగతి ముందుకి తీసుకురావాలి, తోక కోసేయాలి:

"పెళ్ళిచూపులకి పోయినా. అమ్మాయి వాళ్ళ నాయన జీతం అడగలా, చదువు అడగలా. అడిగింది ఒకటే: 'బాబూ, బ్రేక్ దర్శనానికి... లెటరు?'"

ఇక్కడ ఆగాలి. నవ్వు తగ్గుముఖం పడుతుండగా ఇంకొకటి వేయాలి:

"'లేదు సార్' అన్నా. లోపలికి పొయ్యి జాతకాలు ఎత్తుకొచ్చినాడు. 'కలవలేదు బాబూ.'"

మొదటిది పంచ్, అంటే నవ్వు పేలే మాట. రెండోది ట్యాగ్. కొత్తగా కథ కట్టకుండా ఉన్న కథకే ఇంకో నవ్వు తగిలించడం ట్యాగ్ పని. ఇదే సెట్ (స్టేజీ మీద మీరు చెప్పే మొత్తం) చివర్లో ఆసుపత్రి కథ చెప్తూ, డాక్టరు రక్తం గ్రూపు చూసి "కలవలేదు బాబూ" అన్నాడనుకోండి, జనం ఆ మామగారిని గుర్తుపట్టి రెట్టింపు నవ్వుతారు. అది కాల్‌బ్యాక్.

ఇంకొక్కటి గమనించండి. ఈ జోకులో స్వామి మీదకి నవ్వు పోలేదు, భక్తుల మీదకీ పోలేదు. లెటరు కోసం అల్లుణ్ణి ఎంచుకునే ఆశ మీదకి పోయింది. ప్రతి జోకు రాసుకున్నాక "నవ్వు ఎవరి మీద పడుతోంది?" అని పక్కన రాసుకోండి. ఆ జవాబు మీకే నచ్చకపోతే జోకు మార్చాల్సిందే.

యాస విషయంలో మొహమాటం వద్దు. మైకు ముందుకి రాగానే మనవాళ్ళు టీవీ యాంకరు తెలుగులోకి దిగిపోతారు. "ఏంనా, యాడికి?" అని అడిగే మనిషి "ఎక్కడికి వెళ్తున్నారండీ" అంటే జనం నమ్మరు, నమ్మనిదానికి నవ్వరు. సంగటి, ఊరిబిండి, "పొయ్యొస్తా", "శానా", ఇవన్నీ మీ ఇంటి మాటలు, వాటిని దాచిపెట్టి ఏం చెప్తారు?

హద్దు ఎక్కడ

నవ్వులో ఏది అనొచ్చు, ఏది అనకూడదు అన్న సంగతి మన ఊరికి కొత్తది కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం రోజుకొకటి వేసుకుని జనం వీధుల్లోకి వస్తారు. వేషంలో ఉన్నవాళ్ళు బూతులు తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోరు. ఎందుకు? ఆ రోజులు వేరు, ఆ వేషం వేరు, అది అమ్మవారి మొక్కు అని తిట్టేవాళ్ళకీ పడేవాళ్ళకీ తెలుసు. ఆ ఒప్పందం జాతరతో ముగుస్తుంది. మర్నాడు అదే మాట బజార్లో అంటే చెంప పగుల్తుంది.

స్టాండప్‌లోనూ ఒక ఒప్పందముంది, కానీ జాతరది ఊరంతా తరతరాలుగా ఒప్పుకున్నది, మనది ఆ గదిలో ఆ గంటకి టికెట్ కొన్నవాళ్ళతో మాత్రమే. వీడియో బయటికొస్తే ఒప్పందంలో లేని లక్షమంది చూస్తారు. తిరుపతిలో స్వామి పేరు చుట్టూ జనం ప్రాణం పెట్టుకుని బతుకుతారు. క్యూ లైను గురించి, లాడ్జి గది అద్దె గురించి, మన ఇంటి మీద పడే చుట్టాల గురించి ఎంతైనా చెప్పండి, విశ్వాసం జోలికి వెళ్ళొద్దు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ ప్రకారం, దురుద్దేశంతో, కావాలని మత విశ్వాసాలని అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. కులం పేరుతో కించపరిచే మాట 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి రావొచ్చు. కానీ నేను చట్టం కోసం మాత్రమే చెప్పడం లేదు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి ఒంటి రంగు మీదా, ఎవరో కులం మీదా జోకేస్తే మిగతావాళ్ళు నవ్వొచ్చు, ఆ ఒక్క మనిషి మళ్ళీ షోకి రాదు. ఉన్న కొద్దిమంది ప్రేక్షకుల్లో ఒకరిని మనమే తరిమేసినట్టు.

నోటికి తెచ్చుకోవడం, మైకు పట్టుకోవడం

ఐదు నిమిషాలిస్తే నాలుగు నిమిషాలకే రాసుకోండి. మిగతాది నవ్వులకి వదలాలి. నేను మొదటిసారి ఎక్కినప్పుడు ఐదు నిమిషాల సెట్టుని రెండున్నర నిమిషాల్లో చెప్పేసి దిగాను, ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. జనం నవ్వడానికి నోరు తెరిచేలోపే తర్వాతి మాట పడింది.

అక్షరం అక్షరం బట్టీ పట్టొద్దు. మొదటి వాక్యం, చివరి వాక్యం, పంచ్ మాటలు ఖాయంగా ఉండాలి, మధ్యది నోటికొచ్చినట్టు చెప్పినా పర్లేదు. అరచేతిలో పట్టే కాగితం మీద ఐదారు మాటలే రాసుకోండి: పెళ్ళిచూపులు, లెటరు, జాతకం, ఆసుపత్రి. పొద్దున్నే యూనివర్సిటీ రోడ్ల మీద నడుస్తూ పైకి చెప్పుకోండి. నడకకి మాట లయ కుదురుతుంది. ఇంట్లో అద్దం ముందు చెప్పుకోవడం నాకు ఎప్పుడూ పనిచేయలేదు, ముఖమే చూసుకుంటాం గానీ మాట వినం.

స్టేజీ ఎక్కగానే మైకుని స్టాండు నుంచి తీసి, స్టాండుని మీ వెనక్కి జరపండి. లేకపోతే మీకూ జనానికీ మధ్య కర్ర నిలబడి ఉంటుంది. మైకు నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో, గడ్డం దగ్గర ఉంచుకోండి. జాలీని అరచేత్తో మూయొద్దు, స్పీకరు కుయ్‌మంటుంది. చివరి వరసకి చెప్తున్నట్టు చెప్పండి, ముందువాళ్ళకి ఎలాగూ వినపడుతుంది.

టైం దగ్గరపడితే వెనకనుంచి ఫోను టార్చి వెలిగిస్తారు. ఎక్కే ముందే "లైటు ఎన్ని నిమిషాలకి?" అని అడగండి. లైటు చూశాక చివరి జోకు చెప్పి దిగిపోవాలి. మీరు ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటే అది ఇంకో కొత్తవాడి నిమిషం.

జనం నవ్వకపోవచ్చు. మొదటి ఐదారు సార్లు అలా జరగడం మామూలే. అప్పుడు జనాన్ని తిట్టొద్దు, "మీకు అర్థం కాలేదు" అనొద్దు, జోకు వివరించొద్దు. ఒక్క ఊపిరి తీసుకుని తర్వాతిదానికి వెళ్ళండి. మీ ఫోనులో మీ సెట్టుని ఆడియో రికార్డు చేసుకోండి, మర్నాడు వినండి, ఆ రాత్రే కాదు. నవ్వు వచ్చినచోట గీత గీయండి. నవ్వుకి నవ్వుకి మధ్య అర నిమిషం దాటిందంటే ఆ మధ్యలో కోయాల్సింది ఉంది.

మన ఊళ్ళోనే ఒక గది

ప్రతిసారీ బెంగళూరు బస్సెక్కలేం. ఐదుగురు దొరికితే ఇక్కడే ఓపెన్ మైక్ పెట్టుకోవచ్చు. మహతి లాంటి పెద్ద ఆడిటోరియం కల కనొద్దు, ఎత్తైన కప్పు కింద నలభైమంది నవ్వు గాల్లో కలిసిపోతుంది. ముప్ఫై కుర్చీలు పట్టే, కప్పు తక్కువ ఎత్తున్న గది చాలు. కేఫ్ అయితే గిరాకీ తక్కువుండే వారం మధ్య రోజు అడగండి, ఓనరు తొందరగా ఒప్పుకుంటాడు. షో జరిగేంతసేపూ జ్యూస్ మిక్సీ వేయకూడదని ముందే మాట తీసుకోండి. పంచ్ మీద మిక్సీ తిరిగితే ఎంత బాధో చెప్పలేను. స్టేజీ మీద ఒక్క లైటు, జనం వైపు చీకటి, ఒక మైకు, ఒక స్పీకరు. ముప్ఫైమంది వస్తారనుకుంటే పాతిక కుర్చీలే వేయండి, అవసరమైతే ఇంకో ఐదు తెచ్చి వేయొచ్చు. మేడ మీద పెట్టుకుంటే రాత్రి పదికల్లా స్పీకరు ఆపాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు కుదరదు.

షో నడిపే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. ఎక్కువ నవ్వించేవాళ్ళు కాదు, అందరి పేర్లు సరిగ్గా పలికి, నవ్వు పడిపోయిన గదిని మళ్ళీ లేపగలిగేవాళ్ళు కావాలి. ఒకరు బాగా చెప్పలేక దిగితే, తర్వాతివాళ్ళని పిలిచేముందు ఆ నిర్వాహకుడే రెండు నిమిషాలు జనంతో మాట్లాడి గదిని సర్దాలి.

మీ పేరు లిస్టులో రాయించేటప్పుడు మూడో నంబరో నాలుగో నంబరో అడగండి, అప్పటికి గది వేడెక్కి ఉంటుంది. మీ ఐదు నిమిషాలు అయ్యాక సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవద్దు. దిగి వచ్చి ముందు వరసలో కూర్చోండి. తొమ్మిదిన్నరకి, సగం కుర్చీలు ఖాళీ అయ్యాక, చిట్టచివర ఎక్కే పిల్లాడో పిల్లో చేతిలో కాగితం వణుకుతూ ఉంటుంది. వాళ్ళకి ఊఁ కొట్టేవాళ్ళు కావాలి.